కాళ్ల రీచార్జి

ఆ వానకాలం మా క్లినిక్‌లో మొదటి గొడవ ఒక ఫోన్ గురించి జరిగింది.

నేను బిల్లుల కౌంటర్‌లో కూర్చుని ఉన్నాను. బయట తుంపర. బుచ్చిరాములు తల మీద కప్పుకొచ్చిన యూరియా సంచిని గుమ్మం అవతల దులిపి, లోపలికి వచ్చి, నేనిచ్చిన బిల్లును బల్ల మీద పరిచి నిలబడ్డాడు. అతను మరమగ్గాల షెడ్డులో పనిచేస్తాడు. రోజంతా ఆ చప్పుడు మధ్య ఉండే మనిషి కాబట్టి మామూలుగా మాట్లాడినా అరిచినట్టే ఉంటుంది. ఆ రోజు నిజంగానే అరిచాడు.

"గిదేంది మేడం? టెలీ... టెలీ ఏందో రాసిన్రు. మీ దవఖానల నేను టీవీ సూడనే లేదు గదా!"

"టీవీ కాదు కాకా. పోయిన వారం మా నర్సు నీకు ఫోన్ చేసి షుగర్ గోలీల గురించి మాట్లాడింది సూడు, దానిది."

"మాట్లాడినందుకు బిల్లా?" బుచ్చిరాములు వెనక్కి తిరిగి, బెంచీల మీది వాళ్లందర్నీ సాక్ష్యానికి పిలిచినట్టు చూశాడు. "ఫోన్ ఆమెనే చేసింది. నేను ఎత్తిన. ఎత్తినోనికి బిల్లు వడుడు ఏడన్న ఉన్నదా?"

బెంచీలన్నీ నవ్వాయి. నాకూ నవ్వొచ్చింది. ఆపుకుని, ఇది కొత్తగా మొదలుపెట్టిన సేవ అనీ, నెలనెలా ఉంటుందనీ చెప్పబోతుంటే, కిటికీ పక్క బెంచీ మీది నుంచి మా అత్తమ్మ గొంతు వినిపించింది.

"ఇయ్యకురా తమ్మీ. ఎట్లున్నవని అడిగినందుకు పైసలు తీసుకునే రోజులచ్చినయా? నువ్వు ఇంటికి నడువు. మా వోనికి నేను చెప్త."

బుచ్చిరాములు బిల్లును మడతపెట్టి నా ముందే ఉంచి, సంచి మళ్లీ తలకు కప్పుకుని వెళ్లిపోయాడు. అతన్ని చూసి ఇంకొందరు కూడా తమ బిల్లుల్లోంచి ఆ ఒక్క వరుస కొట్టేయమన్నారు. కొట్టేశాను. ఏం చేస్తాను? చెప్పింది డాక్టరుగారి తల్లి.

మా పుట్టిల్లు జైనూర్. కరీంనగర్‌లో ఒక పెద్దాసుపత్రి బిల్లింగ్ విభాగంలో పనిచేసేటప్పుడు అక్కడే డ్యూటీ డాక్టరుగా ఉన్న సాయిచంద్‌ను పెళ్లి చేసుకున్నాను. తర్వాత ఇద్దరం అతని సొంతూరు హుస్నాబాద్‌కు వచ్చి, ఇంటి ముందు భాగంలోనే క్లినిక్ పెట్టాం. అతను లోపలి గదిలో రోగుల్ని చూస్తాడు, నేను బయట డబ్బు సంగతి చూస్తాను. వెనక ఇల్లు. మధ్యలో ఒక్క తలుపు.

కొత్త సేవ ఆలోచన సాయిచంద్‌ది. షుగర్ ఉన్నవాళ్లు ఒకసారి వచ్చి, మందులు రాయించుకుని, అవి అయిపోగానే మాయమైపోయేవారు. మళ్లీ ఎప్పుడో నల్లబడిన కాలివేలితో వచ్చేవారు. అప్పుడు వాళ్లను వరంగల్‌కో కరీంనగర్‌కో పంపించడం తప్ప చేసేదేమీ ఉండేది కాదు. అలా పంపించిన రోజు సాయిచంద్ అన్నం ముందు కూర్చుని పళ్లెంలో వేళ్లు ఆడించేవాడు.

"వాళ్లు వచ్చేదాక సూసుడు కాదు రచనా," అన్నాడు ఒకసారి. "మనమే నెలనెల పలకరించాలె. ఫోన్ చెయ్యాలె, కాళ్లు సూడాలె, నడవలేనోళ్ల ఇంటికి పోవాలె. దానికి ఒక మనిషి కావాలె. ఆ మనిషికి జీతం రావాలంటే వాళ్లు ఎంతో కొంత కట్టాలె."

ఆ మనిషి వినోద. చెన్నూరు పిల్ల, నర్సింగ్ చదివింది. గోదావరి ఒడ్డు ఊరి నుంచి వచ్చి మా హుస్నాబాద్ బోరునీళ్లకు అలవాటు పడలేక మొదటి వారమంతా నీళ్లను తిట్టింది. నవ్వుతూనే తిట్టేది కాబట్టి అందరికీ నచ్చింది. నెలకు రెండు వందలని రుసుము పెట్టాం. ఆ రోజుల్లోనే కరీంనగర్ ఆసుపత్రివాళ్లు సాయిచంద్‌ను మంచి జీతానికి మళ్లీ పిలవసాగారు. దసరా దాకా చూద్దాం, ఈ పని నిలబడకపోతే క్లినిక్ మూసి కరీంనగర్ పోదాం అని ఇద్దరం అనుకున్నాం. ఆ మాట వినోదకు చెప్పలేదు. అత్తమ్మకు చెప్పాం. "మీరేడుంటే నేనాడ," అంది ఆమె, చిక్కుడుకాయ ఈనెలు తీస్తూ.

అత్తమ్మ కమలవ్వ అంటే మా వీధిలో తెలియని వాళ్లు లేరు. పెళ్లయి వచ్చిన నాటి నుంచి మగ్గాలకు నూలు కండెలు చుట్టిన మనిషి. చీకట్లో కూడా నూలు పోగు తెగిన చోటును వేళ్లతో వెతికి అతికేదట. మామయ్య పోయాక, కొడుకు డాక్టరయ్యాక ఆ పని మానేసింది గాని ఊరికే ఉండడం చేతకాదు. పొద్దున వంట కాగానే వెనక తలుపులోంచి వచ్చి కిటికీ పక్క బెంచీ మీద కూర్చునేది. వచ్చినవాళ్లు లోపల డాక్టరుకు చెప్పేది సగమే, మిగతా సగం బయట ఆమెకు చెప్పేవారు.

అందుకే ఆమె అడ్డం తిరిగితే మా కొత్త సేవ గడప దాటలేదు. ఆ రాత్రి నేను గట్టిగానే అడిగాను.

"అత్తమ్మా, నువ్వే ఇయ్యకుండ్రి అంటే ఎట్ల? వినోదకు జీతం ఏడికెల్లి ఇయ్యాలె?"

"సూదికి తీసుకో. కట్టుకు తీసుకో. నేను కాదన్ననా? నోటి మాటకు తీసుకునుడు నాకు నచ్చలే." సాయిచంద్ వైపు తిరిగింది. "ఏరా, మీ నాయిన ఒంట్లో బాగలేకున్నప్పుడు ఈది ఈదంత వచ్చి అర్సుకున్నరు. ఒక్కరన్న బిల్లు రాసిన్రా?"

సాయిచంద్ నా వైపూ ఆమె వైపూ చూసి పప్పు ఇంకొంచెం వేసుకున్నాడు. ఇద్దరాడవాళ్ల మధ్య అతను ఎప్పుడూ అంతే.

నిజం చెప్పాలంటే నా తప్పు కూడా ఉంది. పెద్దాసుపత్రిలో నేర్చుకున్న పద్ధతిలో ఫోన్‌కు ఒక వరుస, కాళ్ల పరీక్షకు ఒక వరుస, సలహాకు ఒక వరుస, అన్నీ ఇంగ్లీషు పేర్లతో కొట్టి చేతిలో పెట్టాను. చూసినవాళ్లకు అది బిల్లులా కాక కోర్టు నోటీసులా కనిపించింది. వినోద ఫోన్లు చేస్తే ఇంకో తంటా. తెలియని నంబరు చూసి కొందరు ఎత్తేవారే కాదు. ఎత్తినవాళ్లు "హలో, క్లినిక్ నుంచి..." అనేలోపే "లోన్ వద్దమ్మా" అని పెట్టేసేవారు. ఒకాయన మాత్రం చాలాసేపు ప్రేమగా మాట్లాడి, చివర్లో ఎంత లోన్ ఇస్తారని అడిగాడు.

ఆషాఢం దాటేసరికి చేరినవాళ్లు వేళ్ల మీద లెక్కపెట్టేంతమంది. వినోద చేతికి పని లేక అద్దాలు తుడిచేది, దూది ఉండలు చేసేది. అద్దాలు మరీ మెరిసిపోతుంటే నాకు భయమేసేది. ఒక మధ్యాహ్నం, కాళ్ల పరీక్ష చేయి తప్పిపోతుందేమో అని తనే అంది. నేను అత్తమ్మను అడిగాను.

"జర కాళ్లు సూపియ్యి అత్తమ్మా. వినోదకు అలవాటు అయితది."

"నాకేమైంది? మంచిగనే ఉన్న," అంది అలవాటుగా. ఆమెకూ చాన్నాళ్లుగా షుగర్ ఉంది. కొడుకే డాక్టరు, గోలీలు ఇంట్లోనే ఉంటాయి. తర్వాత వినోద ముఖం చూసి మెత్తబడింది. "సరే తీ. పాపం, పిల్ల నేర్సుకోనీ."

వెనక వరండాలో కుర్చీ వేశాం. చూరు నుంచి నీళ్లు ధారగా పడుతున్నాయి. వినోద పెన్నులాంటి ఒక చిన్న సాధనం తీసింది. దాని చివర అంగుళమంత నైలాన్ పోగు నిలబడి ఉంటుంది.

"దీనితోని పాదం మీద తాకిస్త అవ్వా. తాకినప్పుడల్ల 'ఆ' అను. కండ్లు మూసుకోవాలె."

అత్తమ్మ ముందు ఆ పోగును తన బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపి చూసింది. "నైలాను. గట్టిదే," అని తిరిగి ఇచ్చి, కుర్చీలో వెనక్కి వాలి కళ్లు మూసుకుంది. వినోద మొదట మోచేతి మీద తాకించింది. "ఆ." చెయ్యి మీద. "ఆ." ఆటలాగా ఉంది, అత్తమ్మకు నవ్వొస్తోంది. తర్వాత వినోద కింద కూర్చుని కుడిపాదం తన ఒళ్లోకి తీసుకుంది. బొటనవేలి కింద తాకించింది. చిటికెన వేలి దగ్గర. పాదం మధ్యలో. మడమ మీద. ప్రతిసారీ పోగు వంగేదాకా నొక్కి తీస్తోంది. తర్వాత ఎడమపాదం.

వినోద తలెత్తి నన్ను చూసింది. 

"మొదలువెట్టు బిడ్డా," అంది అత్తమ్మ, కళ్లు మూసుకునే. "ఎంతసేపు గిట్ల కూసోవాలె?"

"అయిపోయిందవ్వా," అంది వినోద.

అత్తమ్మ కళ్లు తెరిచింది. ఒక్కక్షణం ఇద్దరం ఆటపట్టిస్తున్నామనుకుంది. మా ముఖాలు చూశాక ఆ పోగు అడిగి తీసుకుంది. తనే వంగి, తన పాదం మీద తనే నొక్కుకుంది. పోగు వంగింది. మళ్లీ నొక్కుకుంది. 

వినోద ఆమె చెప్పులు కూడా తిప్పి చూసింది. ఎడమ చెప్పులో ఒక చింతగింజ ఇరుక్కుని ఉంది. పొద్దున పులుసుకు చింతపండు పిసికినప్పుడు పడిందో, నిన్న పడిందో. దాని మీదే నడుస్తూ వంట చేసింది, బెంచీ దాకా వచ్చింది, వీధి చివర దుకాణానికి కూడా వెళ్లొచ్చింది. అరికాలిలో బొబ్బ లేచి, పగిలి, చుట్టూ ఎర్రబడి ఉంది.

నేను వెళ్లి సాయిచంద్‌ను పిలుచుకొచ్చాను. లోపల ఎవరో ఉన్నా లేచి వచ్చాడు. కింద కూర్చుని ఆ పాదం చేతుల్లోకి తీసుకున్నాడు.

"ఎప్పటిసంది అవ్వా ఇట్ల?"

"నాకేం ఎరుక? నొప్పి ల్యాకపాయె. మంచిగనే ఉన్న అనుకున్న."

 వినోద పుండు కడిగి కట్టు కట్టేదాకా అలాగే పాదం పట్టుకుని ఉన్నాడు. తర్వాత చేతులు కడుక్కుని లోపలి గదిలోకి వెళ్లాడు. ఆ రోజు మిగతా రోగులందరి చేతా చెప్పులు విప్పించాడు.

సాయంత్రం ఆమె మంచం దగ్గర కూర్చుని అడిగాను. "అంతకుముందు కాళ్లు తిమ్మిరెక్కినప్పుడు నీకు తెలిసే ఉంటది గదా? మాకు చెప్పద్దా?"

ఆమె కోపంగా చెప్పలేదు, ఫిర్యాదుగా కూడా చెప్పలేదు. పెసరపప్పు ధర చెప్పినట్టు చెప్పింది.

"ఎప్పుడు చెప్పాలె బిడ్డా? పొద్దుగాల వాడు లేసేసరికి గేటు కాడ మంది ఉంటరు. పొద్దూకి వచ్చి అన్నం తినుకుంటనే తూగుతడు. 'గోలి ఏసుకున్నవా అవ్వా' అంటడు. 'ఆ' అంట. ఇగ గంతే. ఆడ పైసలిచ్చినోళ్లు వాళ్ల వంతు కోసం కూసుంటే, నడుమల నేను పోయి నా కాలు సూడు అంటే ఏం మంచిగుంటది?"

 ఆమె రోజూ మా బెంచీ మీద, లోపలి గది తలుపుకు నాలుగడుగుల దూరంలో కూర్చునేది.

మర్నాడు పొద్దున కౌంటర్ దగ్గర వరసలో నిలబడి కనిపించింది. ఎంత చెప్పినా వినకుండా కట్టు కట్టిన కాలి మడమ మీద కుంటుకుంటూ వచ్చింది. ముందున్నవాళ్లు దారి ఇవ్వబోతే వద్దంది. తన వంతు వచ్చాక కొంగుముడి విప్పి, పింఛను డబ్బుల్లోంచి రెండు వందలు బల్ల మీద పెట్టింది.

"నా పేరు రాయి."

"అత్తమ్మా, నువ్వేంది..."

"రాయమన్న గదా. కమలవ్వ. ఇంటి పేరు నీకు ఎరుకే." 

ఆ మాటకు బెంచీలు మళ్లీ నవ్వాయి. నవ్వులు విని సాయిచంద్ గది తలుపు తీసి చూశాడు. బల్ల మీది డబ్బు చూశాడు.

"అవ్వా! నాకు నువ్వు పైసలు ఇచ్చుడేంది? తియ్యి."

"నీకెవరిచ్చిన్రురా, గీ పిల్లకు ఇస్తున్న," నా వైపు చెయ్యి చూపించింది. తర్వాత గొంతు కాస్త తగ్గించింది. "పైసలు కట్టకుంటే నాకు వంతు ఎట్ల వస్తదిరా?"

సాయిచంద్ తలుపు పట్టుకుని నిలబడ్డాడు. డబ్బు తియ్యమని మళ్లీ అనలేదు. నేను రసీదు కొట్టాను. పేరు ఒకసారి తప్పు కొట్టి మళ్లీ కొట్టాను. ఆమె దాన్ని చేతిలోకి తీసుకుని, "నా వంతు ఏ రోజు?" అని అడిగింది.

"మంగళవారం, అత్తమ్మా."

"మంగళారం," అని సాయిచంద్ వైపు చూసి, మళ్లీ వరండా వైపు కుంటుకుంటూ వెళ్లింది.

ఆ మధ్యాహ్నమే నేను పాత బిల్లు పద్ధతి తీసేశాను. మూడు ఇంగ్లీషు వరుసల బదులు ఒకటే తెలుగు వరుస పెట్టాను: "నెలంతా కాళ్లు, షుగర్ చూసుకునుడు." పక్కన వాళ్ల వంతు ఏ రోజో రాశాను. మరమగ్గాల వాళ్లకు కూలి శనివారం శనివారం చేతికొస్తుంది. నేనేమో మొదటి తేదీన మొత్తం అడుగుతున్నాను, ఆ రోజు వాళ్ల దగ్గర ఎక్కడుంటాయి? శనివారానికి యాభై చొప్పున కట్టొచ్చని మార్చాను. అత్తమ్మకు చూపించాను. విని తల ఊపి, ఒక ప్రశ్న వేసింది.

"గది గుడ కట్టలేనోళ్లో?"

"వాళ్లకు ఊకెనే సూస్తం."

"ఊకెనే అంటే రారు. నా లెక్కనే సిగ్గువడ్తరు. వాళ్లకు గుడ రసీదు ఇయ్యి. సున్న ఏసి ఇయ్యి. చేతిల కాయిదం ఉంటే వంతు అడుగుతరు."

అలాగే చేశాం. సున్న వేసిన రసీదును మా కంప్యూటర్ మొదట ఒప్పుకోలేదు. దాన్ని ఒప్పించడానికి నాకు ఒక పూట పట్టింది.

పుండు మానేదాకా కాలు కింద పెట్టొద్దని సాయిచంద్ గట్టిగా చెప్పాడు. శ్రావణం, భాద్రపదం రెండూ వరండాలో మంచం మీద, దిండు మీద కాలు పెట్టుకుని ఉండాల్సి వచ్చింది. బెంచీ లేదు, మనుషులు లేరు. మొదటి రోజు గోడ వైపు తిరిగి పడుకుంది. రెండో రోజు వంటలో ఉప్పు గురించి నాకు ఉపన్యాసం ఇచ్చింది. ఆ మర్నాడు వినోదను పిలిచింది.

"నీ ఫోన్లు ఎవ్వరు ఎత్తుతలేరట గదా? ఇటు తే. పేర్లు సదువు."

వినోద పక్కన స్టూలు వేసుకుని కూర్చుని నంబరు నొక్కేది, స్పీకర్ పెట్టేది. అత్తమ్మ ఫోన్‌ను మంచం మీద పెట్టి, దానికి చెవుడున్నట్టు గట్టిగా మాట్లాడేది. "నేను కమలవ్వను" అనగానే ఎవరూ పెట్టేసేవారు కాదు. మొదట పెళ్లిళ్లు, పొలాలు, కోడళ్లు, బర్రెలు అయ్యేవి. ఆ తర్వాత అడిగేది, చెప్పులు విప్పి చూసుకున్నావా అని. తన చింతగింజ కథ చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ గింజ కాస్త పెద్దదయ్యేది. వినోద ఒకవైపు నవ్వాపుకుంటూ మరోవైపు ఎవరికి మందులు అయిపోయాయో, ఎవరికి కాలు మంటగా ఉందో రాసుకునేది. మందు మాట వస్తే మాత్రం అత్తమ్మ ఫోన్ వినోదకు ఇచ్చేసేది. "అది నాకు తెల్వది, నర్సమ్మ చెప్తది ఇను," అనేది.

ఒకరోజు బుచ్చిరాములు వంతు వచ్చింది. అటువైపు సాంచాల, అంటే మరమగ్గాల, చప్పుడు, మధ్యలో అతని కేక.

"అక్కా, నాకేం లేదు! దిట్టంగ ఉన్న!"

"నేను గుడ గట్లనే అన్నరా! కాలు సూపియ్యి వచ్చి."

"నెలనెల పైసలు ఏడ తేవాలె అక్కా?"

"సెల్లు ఉన్నదా నీకు?"

"ఉన్నది."

"దానికి నెలనెల రీచార్జి ఏస్తవా, ఎయ్యవా?"

"ఎయ్యకుంటే బందయితది గదా!"

"మల్ల కాళ్లకు ఎయ్యవా? అవి బందయితే సాంచా కాడ ఎవడు నిలవడాలెరా, నీ సెల్లా?"

 మగ్గాల చప్పుడు మధ్య బుచ్చిరాములు నవ్వు వినిపించింది. పక్కనున్నవాళ్లకు ఆ మాట అరిచి చెప్పడం కూడా వినిపించింది. శనివారం సాయంత్రం యాభై రూపాయల నోటు పట్టుకుని వచ్చాడు, ఇంకో నలుగురిని వెంటేసుకుని.

"కాళ్ల రీచార్జి ఈడనేనా?" అన్నాడు.

వినోద అతని చెప్పులు విప్పించింది. ఎడమ మడమ కింద, గట్టిపడిన చర్మం లోపల నల్లని మచ్చ. ఆమె సాయిచంద్‌ను పిలిచింది. ఆ గట్టి చర్మం తీస్తే కింద చీము ఉంది. బుచ్చిరాములు తలగోక్కుంటూ, "నొప్పి లేదు సార్, గందుకే ఫికర్ చెయ్యలే," అన్నాడు. ఇంకొన్నాళ్లు ఆలస్యమైతే ఎముకదాకా పోయేదని సాయిచంద్ అతనికి చెప్పలేదు, నాకు చెప్పాడు. అతనికి మాత్రం, "ఇయ్యాల వచ్చినవు, మంచి పని చేసినవు కాకా," అన్నాడు. 

పుండు ఎండేదాకా అతన్ని నిలబడే పని మానమన్నాడు. షెడ్డు యజమానితో మాట్లాడితే, కూర్చుని కండెలు చుట్టే పని ఇచ్చారు. కూలి కొంచెం తగ్గింది. అది చేతకాక, వారం రోజులు తెగిన పోగులతో తన్నుకుని, అత్తమ్మకు ఫోన్ చేసి ఎలా చుట్టాలో అడిగేవాడు. ఆమె మంచం మీది నుంచే, చేతులు గాలిలో తిప్పుతూ, అతనికి కనబడుతున్నట్టే చెప్పేది.

ఆ తర్వాత రీచార్జి అన్న మాట ఊళ్లో ఎలా పాకిందో నాకు తెలియదు. కౌంటర్ ముందుకు వచ్చి "రీచార్జి అయిపోయింది, ఎయ్యుండ్రి" అనేవారు. కాలు చాపి, "బ్యాలెన్స్ ఎంతున్నదో సూడు బిడ్డా" అని వినోదను అడిగేవారు. సాయిచంద్ మొదట కాస్త నొచ్చుకున్నాడు, ఎంత ఆలోచించి పెట్టిన సేవ, దానికి ఈ పేరేమిటని. తర్వాత తనే ఒకరోజు రోగితో "ఈ నెల రీచార్జి ఎయ్యలేదేంది?" అంటుంటే తలుపు సందులోంచి విన్నాను. వినోదకు ఇప్పుడు అద్దాలు తుడిచే తీరిక లేదు. అద్దాల మీద దుమ్ము చూస్తే నాకు ప్రాణం హాయిగా ఉండేది.

భాద్రపదంలో ఒక పొద్దున బుచ్చిరాములు మళ్లీ కౌంటర్ దగ్గరికి వచ్చి, బల్ల మీద రెండు చేతులూ ఆనించి, మునుపటిలాగే అరిచాడు. 

"గిదేంది మేడం? గీ నెల నాకు ఫోన్ ఎందుకు రాలే? నేను పైసలు కట్టలేదా?"

వినోద జ్వరంతో రెండ్రోజులు సెలవు పెట్టింది, అందుకే ఆలస్యమైందని చెప్పాను. అతను బెంచీల వైపు తిరిగి అందర్నీ మళ్లీ సాక్ష్యానికి పిలిచాడు. "పైసలు తీసుకున్నంక ఎట్లున్నవని అడగాల్నా వద్దా?" బెంచీలన్నీ అడగాలనే అన్నాయి. నేను క్షమించమన్నాను. అంత సంతోషంగా నేనెప్పుడూ ఎవర్నీ క్షమాపణ అడగలేదు.

ఆ వారంలోనే కరీంనగర్ నుంచి మళ్లీ ఫోన్ వచ్చింది. సాయిచంద్ వరండాలోనే నిలబడి మాట్లాడాడు. "లేదు సార్, ఇక్కడే ఉంటం," అని, ఇంకేదో మర్యాదకు చెప్పి పెట్టేశాడు. మంచం మీద అత్తమ్మ వినోదతో ఎవరి కోడలి సంగతో మాట్లాడుతోంది. విన్నట్టు కూడా లేదు. కాని ఆ రాత్రి తనకు కూడని సేమియా పాయసం మా ఇద్దరికీ చేసి పెట్టింది, మంచం మీది నుంచి నాకు ఒక్కో మాటా చెప్పి నాతోనే చేయించి.

సద్దుల బతుకమ్మ నాటికి ఆమె పుండు మూసుకుంది. పాదాల్లో స్పర్శ రాలేదు, రాదు కూడా అని సాయిచంద్ ముందే చెప్పాడు. కాని కొత్త మెత్తటి చెప్పులు వచ్చాయి. వాటిని వేసుకునే ముందు ప్రతిసారీ తిప్పి, దులిపి, లోపల చెయ్యి పెట్టి తడుముతుంది. ఆ వేళ్లకు ఏదీ తప్పించుకోలేదు. ఆమె బెంచీ దగ్గరికి తిరిగి వచ్చిన రోజు వచ్చినవాళ్లు లోపలికి పోకుండా ఆమె చుట్టూ మూగితే, నేను పేర్లు పిలిచి పిలిచి గొంతు నొప్పి తెచ్చుకున్నాను.

దసరా సాయంత్రం జమ్మి పెట్టడానికి జనం వస్తున్నారు. మా దగ్గర ఆ ఆకును బంగారమని చేతిలో పెట్టి పెద్దల కాళ్లు మొక్కుతారు. అత్తమ్మ కొత్త చీర కట్టుకుని వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. బుచ్చిరాములు వచ్చాడు, రెండు కాళ్ల మీదా సరిగ్గా నిలబడి. వినోద చెన్నూరు పోకుండా మాతోనే పండుగకు ఆగిపోయింది. సాయిచంద్ ఊరి బయట జమ్మిచెట్టు దగ్గర నుంచి వచ్చి, ఆకు తల్లి చేతిలో పెట్టి, వంగి కాళ్లు మొక్కాడు. మొక్కి వెంటనే లేవలేదు. కాలివేళ్ల మధ్య చూస్తున్నాడని నాకు అర్థమైంది.

ఆమెకూ అర్థమైంది. 

"లే. పండుగ పూట డాక్టరు పని వద్దు," అంది.

అతను అలాగే వంగి ఉండి, తలెత్తి అడిగాడు. "ఎట్లున్నవే అవ్వా?"

ఆమె ఎప్పుడూ అనే 'మంచిగనే ఉన్న' కోసం నేను చూశాను. అది ఆమె నోటిదాకా వచ్చింది, పెదవులు కదిలాయి. మళ్లీ ఆగింది. కొడుకు భుజం మీద చెయ్యి వేసి కిందికి నొక్కింది.

"కూసో, చెప్త," అంది. "మోకాళ్లు గుంజుతున్నయిరా పది దినాలసంది. నిద్ర సక్కగ పడ్తలేదు. పొద్దుగాల బెల్లం మలీద ముద్ద తిన్న, ఒకటి కాదు, రెండు. ఎడమ కన్ను జర మసక కొడ్తున్నది. ఇంక..."

సాయిచంద్ కొత్త బట్టలతోనే వాకిట్లో నేల మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. వెనకాల జమ్మి ఆకులు పట్టుకుని వచ్చినవాళ్లు ఆగారు. ఎవరూ తొందరపెట్టలేదు. నేను లోపలికి వెళ్లి, వచ్చినవాళ్లందరికీ కుర్చీలు తెచ్చి వేయడం మొదలుపెట్టాను. ఆమె ఇంకా చెబుతూనే ఉంది.